యాడ్ ఐడీ తీసేశా, కుకీలు ఆపేశా. అయినా బట్టల షాపు యాడ్ నా ఫోన్‌కే ఎలా వస్తోంది?

తుంగభద్ర_తీరం అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఆండ్రాయిడ్ 14 ఫోన్. ఇప్పటిదాకా చేసినవి చెప్పేస్తా, మళ్ళీ అవే చెప్పకుండా. సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో యాడ్స్‌లోకి వెళ్ళి అడ్వర్టైజింగ్ ఐడీ (యాడ్ కంపెనీలు ఫోన్‌ని గుర్తుపట్టే గుర్తు) డిలీట్ కొట్టేశా. బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్, అందులో యాడ్లని ఆపే యూబ్లాక్ ఆరిజిన్ ఎక్స్‌టెన్షన్ ఉంది. గూగుల్ మై యాడ్ సెంటర్‌లో పర్సనలైజ్డ్ యాడ్స్ ఆఫ్. ఇన్‌స్టాకి లొకేషన్, మైక్, కాంటాక్ట్స్ మూడూ లేవు.

ఇంత చేశాక కూడా, నేరుగా వెళ్ళి కొన్న ఒక బట్టల షాపు (పేరు వద్దులెండి) యాడ్ రెండ్రోజుల్లో ఇన్‌స్టాలో వచ్చింది. ఆ షాపు పేరు ఆన్‌లైన్‌లో ఎక్కడా వెతకలేదు. డబ్బు యూపీఐతో కట్టాం. బిల్లింగ్ కౌంటర్లో మామూలుగా అడిగే నంబర్ చెప్పాం. అంతే.

లీకు ఎక్కడ? యూపీఐనా, లొకేషనా, మైకా, నంబరా? అసలు ఏది అని తేల్చుకునే మార్గం ఉందా, లేక ఊహించుకోవడమేనా? అమ్మానాన్నల ఫోన్లు కూడా సర్దాలి, వాళ్ళకి రోజూ వచ్చే యాడ్ నోటిఫికేషన్లతో పిచ్చెక్కుతోంది. వీపీఎన్ పెట్టుకో అనే ఒక్క ముక్క జవాబు మాత్రం వద్దు, ప్లీజ్.

---

రూటర్_రాజా:

ముందు ప్రైవేట్ డీఎన్‌ఎస్ పెట్టండి. సైటు పేరు చూసి దాని అడ్రసు వెతికిపెట్టేది డీఎన్‌ఎస్, యాడ్ సైట్ల పేర్లని అక్కడే ఆపేయొచ్చు. ఆండ్రాయిడ్ 9 నుంచి అన్ని ఫోన్లలో ఉంది. సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ప్రైవేట్ డీఎన్‌ఎస్. కొన్ని ఫోన్లలో మోర్ కనెక్షన్స్ కింద దాక్కుంటుంది, సెర్చ్ బాక్సులో కొట్టండి. హోస్ట్‌నేమ్ దగ్గర ఇంగ్లీషు చిన్నక్షరాల్లో డీఎన్‌ఎస్ చుక్క యాడ్‌గార్డ్-డీఎన్‌ఎస్ చుక్క కామ్. ముందు హెచ్‌టీటీపీఎస్ పెట్టకూడదు, చివర స్లాష్ ఉండకూడదు, పెడితే సేవ్ కాదు.

వైఫైలో, మొబైల్ డేటాలో రెండిట్లోనూ పనిచేస్తుంది. యాప్‌ల లోపలి ట్రాకర్లు కూడా చాలావరకు చస్తాయి. పని చెయ్యని చోట్లు రెండు. ఒకటి, రైల్వే స్టేషన్, హోటల్ లాంటి లాగిన్ పేజీ వచ్చే వైఫైలు. అక్కడ లాగిన్ అయ్యేదాకా ఆఫ్ చేసుకోవాలి. రెండు, ప్రైవేట్ డీఎన్‌ఎస్ వెళ్ళే దారి (853 పోర్టు) మూసేసిన ఆఫీసు నెట్‌వర్కులు. అక్కడ ఇంటర్నెట్టే రాదు, జనం ఫోన్ పాడైందనుకుంటారు.

యూట్యూబ్, ఇన్‌స్టా యాడ్లు దీంతో పోవు. వీడియో వచ్చే డొమైన్ నుంచే యాడ్ కూడా వస్తుంది కాబట్టి పేరు చూసి ఆపడం కుదరదు.

---

కుకీ_కోత:

రూటర్ రాజా గారి సలహా మంచిదే, కానీ ఈ కేసుకి అతకదు. డీఎన్‌ఎస్ ఆపేది మీ ఫోన్ నుంచి బయటికి వెళ్ళే రిక్వెస్టుల్ని. ఇక్కడ మీ ఫోన్ నుంచి ఏమీ వెళ్ళక్కర్లేదు. షాపు కంప్యూటర్ నుంచి సమాచారం నేరుగా మెటా (ఫేస్‌బుక్, ఇన్‌స్టా కంపెనీ) సర్వర్‌కి వెళ్తుంది. మీ ఫోన్లో ఉన్న ఏ సెట్టింగూ ఆ దారి మీద లేదు. మీరు చెప్పిన లక్షణాలన్నిటికీ సరిపోయే దారి ఒకటే: నంబర్.

పని ఎలా జరుగుతుందంటే, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి కస్టమర్ల లిస్టు ఎక్సెల్‌గా దించుతారు. నంబర్, పేరు, ఊరు, పిన్‌కోడ్, కొన్నిసార్లు పుట్టినరోజు (డిస్కౌంట్ ఇస్తామని అడిగేది అందుకే). మెటాలో యాడ్లు నడిపే యాడ్స్ మేనేజర్‌లో కస్టమ్ ఆడియన్స్, అందులో కస్టమర్ లిస్ట్ అని ఉంటుంది. ఫైలు అక్కడ పడేస్తారు. ప్రతి నంబరూ ఎక్కించే ముందే వాళ్ళ బ్రౌజర్‌లోనే ఎస్‌హెచ్‌ఏ-256 హాష్‌గా (లెక్కకట్టి తీసిన అక్షరాల గొలుసు, ఒకే నంబర్‌కి ఎప్పుడూ ఒకటే వస్తుంది) మారుతుంది. అవతల మెటా తన యూజర్ల నంబర్లకి కూడా అదే హాష్ తీసి పెట్టుకుంటుంది. రెండూ కలిసినవాళ్ళు ఆడియన్స్‌లో పడతారు, మిగతావి పారేస్తారు. ముందు 91 లేకుండా, దేశం కాలమ్ కూడా లేకుండా ఎక్కిస్తే సరిగా మ్యాచ్ కాదు. చిన్న షాపులు "డబ్బు పెట్టాం, యాడ్ ఎవరికీ పోలేదు" అని మొత్తుకునేది చాలాసార్లు దీనివల్లే. కనీసం 100 మంది మ్యాచ్ అయితే తప్ప ఆ లిస్టుతో యాడ్ నడపలేరు.

"హాష్ చేశాం కాబట్టి మీ నంబర్ భద్రం" అని ప్రైవసీ పాలసీలో కనిపిస్తే నవ్వుకోండి. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలయ్యే పదంకెలు. అంటే మొత్తం 400 కోట్ల కాంబినేషన్లు. ఒక మంచి గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు సెకనుకు వెయ్యి కోట్లకు పైగా ఎస్‌హెచ్‌ఏ-256లు లెక్కిస్తుంది. దేశంలోని నంబర్లన్నీ విప్పడానికి సెకను కూడా పట్టదు. అసలు మెటాకి విప్పాల్సిన పని కూడా లేదు, నంబర్ వాళ్ళ దగ్గర ముందే ఉంది. హాష్ అంటే ఒకే మనిషిని రెండుచోట్ల గుర్తుపట్టే గుర్తు, మనిషిని దాచేది కాదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది 2024 జులైలో ఇదే మాట రాతపూర్వకంగా చెప్పారు.

లిస్టు కాకుండా రెండో దారి కూడా ఉంది. మీరు కొన్నారన్న సంగతినే "కొనుగోలు" అనే ఈవెంట్‌గా, రూపాయల్లో ఎంతో చెప్పి, నంబర్ హాష్ తగిలించి కన్వర్షన్స్ ఏపీఐ (షాపు సర్వర్ నుంచి మెటాకి నేరుగా పంపే దారి) ద్వారా పంపొచ్చు. షాపులో జరిగిన అమ్మకాలైతే 62 రోజుల వరకు వెనక్కి వెళ్ళి పంపొచ్చు. యాడ్ చూసినవాళ్ళలో ఎంతమంది దుకాణానికొచ్చి కొన్నారో లెక్క తేలడానికి ఇది.

ఇదంతా ఎందుకు ఇంత పెరిగిందంటే, బ్రౌజర్ దారులు మూసుకుపోయాయి. సఫారీ 2020 మార్చిలో థర్డ్ పార్టీ కుకీల్ని (చూస్తున్న సైటు కాక వేరేవాళ్ళు బ్రౌజర్‌లో పెట్టే గుర్తుల్ని) పూర్తిగా ఆపేసింది. ఆపిల్ 2021 ఏప్రిల్‌లో ఐఓఎస్ 14.5తో, ట్రాక్ చేసే ముందు అడిగి తీరాలంది. ఫైర్‌ఫాక్స్ 2022 జూన్‌లో డెస్క్‌టాప్‌లో ఏ సైటు కుకీలు ఆ సైటు డబ్బాలోనే ఉండేలా చేసింది. క్రోమ్ మాత్రం 2020లో తీసేస్తానని చెప్పి, ఏళ్ళ తరబడి వాయిదాలేసి, 2025 ఏప్రిల్‌లో ఉన్నది ఉన్నట్టే ఉంచేస్తానంది. ఈ లోపల యాడ్ పరిశ్రమ ఈమెయిల్, నంబర్ల మీదికి మళ్ళిపోయింది. మన దగ్గర వీటిలో నంబరే గట్టిది. ఈమెయిల్ జనం మారుస్తారు, మర్చిపోతారు. బ్యాంకు, ఆధార్, గ్యాస్ బుకింగ్, పిల్లల స్కూలు వాట్సాప్ గ్రూపు అన్నీ తగిలించుకున్న నంబర్‌ని పదేళ్ళైనా మార్చరు. యాడ్ ఐడీ డిలీట్ అంటే ఒక బటన్. నంబర్ డిలీట్ అంటే జీవితం మళ్ళీ రిజిస్టర్ చేయించుకోవడం.

యూపీఐ గురించి: బ్యాంకు మీ నంబర్ తీసి షాపు చేతిలో పెట్టదు. కాకపోతే మీ యూపీఐ ఐడీయే "నంబర్ ఎట్ బ్యాంకు" రూపంలో ఉంటే, ఐడీ కనిపించిన చోటల్లా నంబర్ కనిపించినట్టే. యాప్‌లో నంబర్ లేని ఇంకో ఐడీ సృష్టించి దాన్ని ప్రైమరీ చేసుకోండి, రెండు నిమిషాల పని.

ఇప్పుడు తేల్చుకునే మార్గం, ఊహించక్కర్లేదు. ముందు యాడ్ పక్కన మూడు చుక్కలు నొక్కి "ఈ యాడ్ ఎందుకు చూస్తున్నారు" తెరవండి. షాపు లిస్టు ఎక్కించిందని అక్కడే ఉంటే కథ అయిపోయింది. కొన్నిసార్లు అక్కడ "మీ వయసు, మీ ఊరు" అని పైపై కారణాలే చూపిస్తుంది. అప్పుడు డేటా దించుకోండి. అకౌంట్స్ సెంటర్, యువర్ ఇన్ఫర్మేషన్ అండ్ పర్మిషన్స్, ఎక్స్‌పోర్ట్ యువర్ ఇన్ఫర్మేషన్. అన్నీ టిక్ పెట్టకండి, ఫొటోలతో కలిపి గిగాబైట్లు వస్తుంది. యాడ్స్ ఇన్ఫర్మేషన్ ఒక్కటే, ఫార్మాట్ జేసన్. జిప్ రాగానే విప్పితే "అడ్వర్టైజర్స్ యూజింగ్ యువర్ యాక్టివిటీ ఆర్ ఇన్ఫర్మేషన్" అనే ఫైలుంటుంది. ప్రతి కంపెనీ పేరు పక్కన మూడు గుర్తులు: హ్యాజ్ డేటా ఫైల్ కస్టమ్ ఆడియన్స్, హ్యాజ్ రీమార్కెటింగ్ కస్టమ్ ఆడియన్స్, హ్యాజ్ ఇన్ పర్సన్ స్టోర్ విజిట్. మొదటిది ట్రూ అయితే మీ వివరం ఉన్న లిస్టు ఎక్కింది. రెండోది ట్రూ అయితే వాళ్ళ సైటో యాపో వాడిన జాడ. మూడోది దుకాణానికి వెళ్ళిన జాడ.

---

తుంగభద్ర_తీరం:

కుకీ కోత గారూ, ఫైలు దించా. ఆ షాపు ఉంది. డేటా ఫైల్ ట్రూ, మిగతా రెండూ ఫాల్స్. మీరన్నదే.

దానికంటే భయమేసింది ఏంటంటే, లిస్టులో నేనెప్పుడూ గడప తొక్కని కంపెనీలు బోలెడున్నాయి. వేరే రాష్ట్రాల రియల్ ఎస్టేట్ వాళ్ళు, కార్ల షోరూములు. వాటికీ డేటా ఫైల్ ట్రూ. నా నంబర్ వాళ్ళకెలా వెళ్ళింది? ఇంకోటి, ఇవన్నీ చూశాక కూడా మా ఇంట్లో "ఫోన్ మన మాటలు వింటోంది" అనే వాదన ఆగట్లేదు.

---

కుకీ_కోత:

తెలియని కంపెనీలకి ట్రూ ఉండటానికి మూడు కారణాలుంటాయి. షాపు తరఫున లిస్టు ఎక్కించేది చాలాసార్లు ఏజెన్సీ. ఒక క్లయింట్ లిస్టుని ఇంకో యాడ్ అకౌంట్‌తో షేర్ చేసే ఆప్షన్ సిస్టమ్‌లోనే ఉంది. రెండోది, నంబర్ల లిస్టులు కొనేసేవాళ్ళు. ఫ్లాట్ కోసం ఏదో పోర్టల్‌లో ఒక్క ఫారం నింపితే వారంపాటు పదిమంది ఫోన్ చేసేది ఈ దారినే. ఇలా కొన్న లిస్టులు వాడటం ప్లాట్‌ఫాం నియమాలకే విరుద్ధం, కానీ అప్‌లోడ్ చేసేవాడు "నాకు హక్కుంది" అని టిక్ పెడితే సరిపోతోంది. మూడోది, మీ నంబర్ మీరు ఇవ్వకపోయినా మీ స్నేహితుల కాంటాక్ట్స్ ద్వారా ప్లాట్‌ఫాంకి తెలిసి ఉంటుంది. ఫేస్‌బుక్‌లో వేరేవాళ్ళు ఎక్కించిన కాంటాక్ట్స్‌లోని నంబర్‌తోనూ, టూ ఫ్యాక్టర్ (లాగిన్‌లో పాస్‌వర్డ్ తర్వాత రెండో తనిఖీ) కోసం ఇచ్చిన నంబర్‌తోనూ మనిషికి యాడ్ గురిపెట్టొచ్చని అమెరికాలో నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ వాళ్ళు 2018లో ప్రయోగం చేసి చూపించారు. భద్రత కోసం తీసుకున్న నంబర్లని యాడ్లకి వాడకూడదని 2019లో ఫేస్‌బుక్‌కి 500 కోట్ల డాలర్ల జరిమానాతో వచ్చిన ఎఫ్‌టీసీ (ఫెడరల్ ట్రేడ్ కమిషన్) ఆర్డర్‌లో షరతు పెట్టారు. 2022లో ట్విట్టర్‌కి ఇదే తప్పుకి 15 కోట్ల డాలర్లు పడ్డాయి. అందుకే టూ ఫ్యాక్టర్‌కి ఎస్ఎంఎస్ బదులు ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోండి, నంబర్ ఇచ్చే పనే ఉండదు.

మైకు సంగతి. అదే యూనివర్సిటీ పరిశోధకులు 2018లో 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లని పరీక్షించారు. చాటుగా మైకు ఆన్ చేసి మాటలు పంపిన యాప్ ఒక్కటీ దొరకలేదు. దొరికింది వేరే: కొన్ని యాప్‌లు స్క్రీన్‌నే వీడియో తీసి బయటి కంపెనీలకి పంపుతున్నాయి. ఆండ్రాయిడ్ 12 నుంచి మైకు వాడితే పైన కుడివైపు ఆకుపచ్చ గుర్తు వస్తుంది, ప్రైవసీ డాష్‌బోర్డులో 24 గంటల్లో ఎవరెప్పుడు వాడారో ఉంటుంది. ఇంట్లో వాళ్ళకి అది తెరిచి చూపించండి. "మాట్లాడుకున్నాం, యాడ్ వచ్చింది" అనేదానికి ఒక మామూలు కారణం ఇంటి వైఫై. ఒకే బ్రాడ్‌బ్యాండ్ ఐపీ వెనకున్న ఫోన్లన్నీ ఒకే ఇల్లని లెక్క. ఒకరు వెతికితే పక్కవాళ్ళ ఫోన్లో యాడ్ రావొచ్చు. ఇద్దరూ మాట్లాడుకున్నదే గుర్తుంటుంది కానీ ఒకరు వెతికింది గుర్తుండదు.

ఇక మెటాలో మార్చాల్సినవి మూడు. అకౌంట్స్ సెంటర్‌లో యాడ్ ప్రిఫరెన్సెస్, మేనేజ్ ఇన్ఫో, ఆడియన్స్ బేస్డ్ అడ్వర్టైజింగ్. ఆ షాపు పేరు నొక్కి, వాళ్ళ లిస్టుతో మీకు యాడ్లు చూపించొద్దని పెట్టండి. ఒక్కో కంపెనీకి విడివిడిగా చెయ్యాలి, అన్నిటికీ కలిపి బటన్ లేదు. కావాలనే లేదు అని నా అభిప్రాయం. రెండు, యాడ్ పార్ట్‌నర్స్ నుంచి వచ్చే యాక్టివిటీని వాడొద్దు అనే ఆప్షన్. మూడు, యువర్ యాక్టివిటీ ఆఫ్ మెటా టెక్నాలజీస్‌లో పాతది క్లియర్ చేసి, డిస్‌కనెక్ట్ ఫ్యూచర్ యాక్టివిటీ. ఇది కొట్టే ముందు ఒకటి చూసుకోండి: ఫేస్‌బుక్‌తో లాగిన్ అయిన వేరే యాప్‌లు ఉంటే వాటి నుంచి బయటికి తోసేస్తుంది, మళ్ళీ ఫేస్‌బుక్‌తో రానివ్వదు. వాటికి ముందే ఈమెయిల్, పాస్‌వర్డ్ పెట్టుకోండి. డిస్‌కనెక్ట్ చేసినా సమాచారం మెటాకి రావడం ఆగదు. మీ పేరుతో కలపడం మాత్రం ఆగుతుంది.

---

రూటర్_రాజా:

నంబర్ సంగతి సరే. కానీ ఫోన్ లోపలి దారిని మరీ తేలిగ్గా తీసేయకండి. 2025 జూన్‌లో స్పెయిన్, నెదర్లాండ్స్, బెల్జియం పరిశోధకులు బయటపెట్టింది చూడండి. ఆండ్రాయిడ్‌లో ఫేస్‌బుక్, ఇన్‌స్టా యాప్‌లు వెనకాల ఫోన్ లోపలి లోకల్ పోర్టుల (యాప్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారులు) మీద చెవిపెట్టి కూర్చునేవి. బ్రౌజర్‌లో మెటా పిక్సెల్ (సైట్లలో పెట్టే మెటా ట్రాకింగ్ స్క్రిప్టు) ఉన్న సైటు తెరిస్తే, ఆ పిక్సెల్ తన కుకీ విలువని ఆ పోర్టులకి పంపేది. యాప్‌లో మీరు లాగిన్ అయి ఉంటారు కదా, కుకీ ఎవరిదో తేలిపోయేది. ఇన్‌కాగ్నిటో వాడినా, కుకీలు తుడిచినా, యాడ్ ఐడీ తీసేసినా లాభం లేదు. రష్యా కంపెనీ యాండెక్స్ ఇలాంటి పని 2017 నుంచే చేస్తోందని తేలింది. బయటపడిన రోజే మెటా ఆపేసింది.

నా డీఎన్‌ఎస్ కూడా దీన్ని నేరుగా పట్టదు, ఎందుకంటే ట్రాఫిక్ ఫోన్ దాటి బయటికి రాదు. పిక్సెల్ స్క్రిప్టు దిగకుండా ఆపితేనే ఆగుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆ పని చేస్తుంది. క్రోమ్ ఆండ్రాయిడ్‌లో ఎక్స్‌టెన్షన్లే ఎక్కవు. కాబట్టి యాప్ తీసేసి బ్రౌజర్‌లో వాడటం అనేది చాదస్తం కాదు, అసలైన తేడా అక్కడే ఉంది.

---

చట్టం_చుట్టం:

బిల్లింగ్ కౌంటర్ విషయం నేను చెప్తా. నంబర్ ఇవ్వకపోతే బిల్లు కొట్టం అనడం కుదరదు. 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దీని మీద రిటైల్ సంస్థలకి అడ్వైజరీ ఇచ్చింది. "సిస్టమ్‌లో ఎంటర్ అవ్వదండీ" అనే మాట వస్తే "మీ షాపు నంబర్ కొట్టేయండి" అనండి, చాలాచోట్ల అలాగే కొడతారు. మొండికేస్తే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915.

డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, నియమాలు 2025 నవంబర్లో నోటిఫై చేశారు. అసలు బాధ్యతలన్నీ అక్కడి నుంచి 18 నెలలకి, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. చట్టంలో ఏడో సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణ అచ్చం మీ కేసే. ఒకావిడ మందుల షాపులో కొని, రసీదు మెసేజ్ పంపమని నంబర్ ఇస్తుంది. షాపు ఆ నంబర్‌ని రసీదు పంపడానికి వాడుకోవచ్చు. యాడ్ లిస్టులో ఎక్కించడం ఆ పరిధిలోకి రాదని నా చదువు. దానికి విడిగా సమ్మతి కావాలి. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం, ఇచ్చినంత తేలిగ్గా ఉండాలి. ఆ నోటీసు తెలుగులో చదువుకునే వీలూ కల్పించాలి, ఎనిమిదో షెడ్యూల్ భాషలన్నిటికీ ఆ హక్కుంది. 18 లోపు పిల్లల్ని ట్రాక్ చెయ్యడం, వాళ్ళకి గురిపెట్టి యాడ్లివ్వడం నిషేధం, జరిమానా 200 కోట్ల దాకా.

2027 దాకా ఆగక్కర్లేదు. షాపు కస్టమర్ కేర్ ఈమెయిల్‌కి ఇలా రాయండి: "నా మొబైల్ నంబర్ బిల్లు కోసం మాత్రమే ఇచ్చాను. ప్రకటనల కోసం వాడటానికి నేను ఒప్పుకోవడం లేదు. మీ మార్కెటింగ్ లిస్టుల నుంచి, సోషల్ మీడియా ప్రకటన ఖాతాల్లో ఎక్కించిన కస్టమర్ లిస్టుల నుంచి నా నంబర్ తొలగించి, తొలగించినట్టు రాతపూర్వకంగా తెలపండి." నంబర్, బిల్లు తేదీ రాస్తే చాలు. ఆధార్ కాపీ పంపమంటే పంపకండి. ఒక నంబర్ తీసేయడానికి ఇంకో డాక్యుమెంట్ ఇవ్వడం ఏంటి.

కాల్స్, మెసేజ్‌లు వేరే వ్యవహారం. 1909కి స్టార్ట్ 0 అని (ఇంగ్లీషులో, మధ్యలో ఖాళీతో) ఎస్ఎంఎస్ పంపితే ప్రమోషన్లన్నీ బ్లాక్. కానీ మీరు సమ్మతిచ్చిన కంపెనీకి ఈ బ్లాక్ వర్తించదు. సమ్మతి మాట ఎక్కడుంటుందో తెలుసు కదా, లాయల్టీ కార్డు ఫారం అడుగున. మెసేజ్ వచ్చిన పేరు చివర పీ అక్షరం ఉంటే ప్రమోషన్, ఎస్ సర్వీస్, టీ లావాదేవీ, జీ ప్రభుత్వం. ఎస్ లేదా టీ పేరుతో ఆఫర్ వస్తే అది ఉల్లంఘన. ఫిర్యాదుకి 7 రోజుల గడువు, ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో మెసేజ్ ఎంచుకుంటే చాలు, టైప్ చెయ్యక్కర్లేదు. మామూలు పదంకెల నంబర్ నుంచి టెలిమార్కెటింగ్ కాల్ వస్తే అదసలు చెల్లదు, అదీ అక్కడే.

---

ఇంటి_అడ్మిన్:

అమ్మానాన్నల ఫోన్ల గురించి ఎవరూ చెప్పలేదు. వాళ్ళకి "యాడ్లు" అనిపించేవాటిలో ఎక్కువ భాగం ట్రాకింగ్ కాదు, క్రోమ్ నోటిఫికేషన్లు. ఏ వార్తల సైటో పంచాంగం సైటో తెరిచినప్పుడు "అలౌ" నొక్కేసి ఉంటారు. క్రోమ్, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అక్కడ అలౌడ్ కింద ఉన్నవన్నీ తీసేసి, పైన స్విచ్ కూడా ఆఫ్ చేయండి, లేకపోతే వారంలో మళ్ళీ అంతే. "మీ ఫోన్లో వైరస్ ఉంది" అని భయపెట్టేవి కూడా చాలాసార్లు ఇక్కడి నుంచే వస్తాయి.

షావోమీ, రెడ్‌మీ ఫోనైతే లాక్‌స్క్రీన్ సెట్టింగ్స్‌లో వాల్‌పేపర్ కరౌసెల్ ఆఫ్. ప్రైవసీలో యాడ్ సర్వీసెస్ కింద పర్సనలైజ్డ్ యాడ్ రికమెండేషన్స్ ఆఫ్. ఆథరైజేషన్ అండ్ రివొకేషన్‌లో ఎంఎస్‌ఏ (షావోమీ సొంత యాడ్లు చూపించే సిస్టమ్ యాప్) అనేదాన్ని రద్దు చెయ్యండి. పది సెకన్లు లెక్కపెట్టి, "కుదరలేదు" అంటుంది. నిరాశపడకండి, మళ్ళీ మళ్ళీ నొక్కితే ఒకసారికి పడుతుంది, ఫోన్ నెట్‌కి కనెక్ట్ అయి ఉండాలి.

లోన్ యాప్‌లు ఉన్నాయేమో చూడండి. కాంటాక్ట్స్, కాల్ లాగ్, గ్యాలరీ అడగకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబర్ మార్గదర్శకాల్లోనే ఉంది. కెమెరా, మైక్, లొకేషన్ కూడా కేవైసీకి ఒక్కసారి మాత్రమే. కాంటాక్ట్స్ అడిగిందంటే యాప్ వెంటనే తీసేయాలి.

టీవీ మర్చిపోకండి. స్మార్ట్ టీవీల్లో తెర మీద ఏముందో గుర్తుపట్టే ఏసీఆర్ అనేది ఉంటుంది. శాంసంగ్‌లో వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్, ఎల్‌జీలో లైవ్ ప్లస్, ఇవి ఆఫ్. సెట్‌టాప్ బాక్సు హెచ్‌డీఎంఐలో చూస్తున్నాం కదా, టీవీకేం తెలుస్తుంది అనుకుంటారు. 2024లో వచ్చిన ఒక పరిశోధనలో హెచ్‌డీఎంఐతో లాప్‌టాప్ కలిపినా ఏసీఆర్ పనిచేస్తూనే ఉందని తేలింది. టీవీకి యాప్‌లు అక్కర్లేకపోతే వైఫై పాస్‌వర్డే ఇవ్వకండి.

---

తుంగభద్ర_తీరం:

షాపులకి ఇవ్వడానికి విడిగా ఒక సిమ్ తీసుకుంటే? రెండో సిమ్ స్లాట్ ఖాళీగానే ఉంది. ఈమెయిల్‌కి జీమెయిల్ ప్లస్ గుర్తు పెడితే చాలా? చట్టం చుట్టం గారు చెప్పిన మెయిల్ పంపా, "తొలగించాం" అని జవాబొచ్చింది. నమ్మొచ్చా?

---

కుకీ_కోత:

విడి సిమ్ పనిచేస్తుంది, ఒక షరతుతో. ఆ నంబర్‌తో వాట్సాప్, ఇన్‌స్టా, గూగుల్ అకౌంట్ ఏదీ తెరవకూడదు. తెరిస్తే ఆ నంబరూ మీరేనని తెలిసిపోతుంది, ఇక ఖర్చు దండగ. ఎవరి కాంటాక్ట్స్‌లోనూ మీ పేరుతో సేవ్ అవ్వకూడదు. బ్యాంకు ఓటీపీలు అస్సలు పెట్టకండి. వాడకపోతే సిమ్ మూసేస్తారు, మూసేసిన నంబర్ 90 రోజుల తర్వాత ఇంకొకరికి వెళ్ళొచ్చు. అప్పుడు ఆ ఓటీపీలు వాళ్ళకి పోతాయి.

జీమెయిల్ ప్లస్ గుర్తు స్పామ్ ఎవరు పంపారో పట్టుకోవడానికి పనికొస్తుంది కానీ మ్యాచింగ్‌ని ఆపదు. యూఐడీ2 (ఈమెయిల్, నంబర్లతో మనిషిని గుర్తుపట్టే యాడ్ పరిశ్రమ పద్ధతి) లాంటి సిస్టమ్స్ జీమెయిల్ అడ్రసు అయితే ప్లస్ నుంచి ఎట్ దాకా ఉన్నదంతా కోసేసి, చుక్కలు కూడా తీసేసి, అప్పుడు హాష్ చేస్తాయి. దానికి బదులు, మీ మెయిల్‌కి దారి మళ్ళించే మారు అడ్రసులిచ్చే ఫైర్‌ఫాక్స్ రిలే (5 అడ్రసులు ఉచితం) లేదా డక్‌డక్‌గో ఈమెయిల్ ప్రొటెక్షన్ వాడండి. ఒక్కో సైటుకి ఒక్కో అడ్రసు.

"తొలగించాం" అన్నదాని గురించి. ఫైలుగా ఎక్కించిన లిస్టు తనంతట తాను మారదు. షాపులో ఎవరైనా ఆడియన్స్ తెరిచి మీ నంబర్ ఉన్న ఫైలుని "రిమూవ్" కింద ఎక్కించాలి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఆటోమేటిక్‌గా సింక్ అయ్యేలా పెట్టుకుని ఉంటే ఇక్కడ తీసినా రాత్రికి మళ్ళీ చేరుతుంది. సాఫ్ట్‌వేర్‌లో మీ రికార్డు మీద మార్కెటింగ్ వద్దు అనే గుర్తు పడాలి. కాబట్టి జవాబు మెయిల్‌లో రెండే అడగండి: బిల్లింగ్ రికార్డులో మార్కెటింగ్ ఆపారా, యాడ్ ఖాతా నుంచి కూడా తీశారా. మీవైపు నుంచి ఒక నెలాగి అదే జేసన్ ఫైలు మళ్ళీ దించి, డేటా ఫైల్ గుర్తు ఇంకా ట్రూనా, లేక షాపు పేరే లేదా చూసుకోండి. ఈ లోపల ఆ షాపులో మళ్ళీ కొంటే నంబర్ చెప్పకండి, చెబితే రికార్డు కొత్తగా మొదలవుతుంది.

---

చట్టం_చుట్టం:

ఆ జవాబు మెయిల్ తేదీతో సహా దాచుకోండి, పీడీఎఫ్ చేసి. నెల తర్వాత ఫైల్లో ఇంకా ట్రూ ఉంటే, 1915లో ఫిర్యాదు చేసేటప్పుడు ఆ మెయిల్, ఈ జేసన్ స్క్రీన్‌షాట్ రెండూ పక్కపక్కన పెట్టండి. "తొలగించాం" అని రాసి తొలగించకపోవడం మామూలు సేవాలోపం కింద కూడా వాదించుకోవచ్చు, దానికి కొత్త చట్టం అమలయ్యేదాకా చూడక్కర్లేదు.